చిల్లు లేని రాళ్లు

మూడున్నర అయ్యేసరికి పిల్లల జేబులు ఖాళీ చేయాలి. హాలర్‌బీ రేవు వెనక, మెథడిస్టుల పాత హాల్లో నడిచే పిల్లల బడిలో ముప్ఫై ఒక్క ఏళ్లుగా అదే పద్ధతి. పిల్లలు గోడవార బెంచీ మీద వరసగా కూర్చుంటారు. ఎడమ బూటు కుడికీ, కుడి బూటు ఎడమకీ వేసుకుంటారు, విప్పించుకుని మళ్లీ వేయించుకుంటారు. కోటు జిప్పులు పైకి లాగడం అయ్యాక, వాళ్లని చూసుకునే నోరీన్ ఒక్కొక్కరి జేబులో చెయ్యి పెట్టి ఆ రోజు రాళ్లు బయటికి తీస్తుంది.

కొత్తగా ఏది నేర్చుకుంటే దానికొక రాయి, దానంతటదే జేబులో పడుతుంది. కత్తెర పట్టడం వస్తే బఠాణీ గింజంత. ఒంటికాలి మీద నిలబడితే పిచ్చుక గుడ్డంత. ఏడవకుండా తన వంతు కోసం ఆగడం వస్తే కోడిగుడ్డంత. ఆ కోడిగుడ్డంత రాయి కొందరు మగపిల్లల జేబుల్లో బడి వదిలేలోపు ఒక్కసారి కూడా పడదు. వాళ్లెవరో పెద్దయ్యాక రేవులో పబ్బు దగ్గర తోసుకునేటప్పుడు చూస్తే తెలిసిపోతుంది.

జేబు చూడకుండా ఇంటికి పంపితే వాషింగ్ మెషీన్ గోల. రేవు వీధిలో మెషీన్లు బాగుచేసేవాడు ఆ రాళ్ల పుణ్యమా అని ఇంటికి కొత్త కప్పు వేయించుకున్నాడని తల్లులు తిట్టుకుంటారు. అందుకే రాళ్లు బడిలోనే ఉండాలి. ఒక్కో పిల్లకి ఒక జామ్ సీసా. సీసా మీద పేరు ఉండదు, బొమ్మ ఉంటుంది. పీత, పడవ, గొడుగు, కెటిల్. పేర్లు చదవడం రాని పిల్లలకి అది సుఖం. నోరీన్‌కి కూడా అదే సుఖం. ఆ సంగతి మాత్రం ఊళ్లో ఎవరికీ తెలియదు.

నోరీన్‌కి అరవై నాలుగేళ్లు. రొట్టె కాలిస్తే నాలుగు పొడుగు ముక్కలుగానే కొయ్యాలి, మూల నుంచి మూలకి కోస్తే ఆమెకి తల తిరుగుతుంది. ఉడికిన బీన్స్ రొట్టె పక్కన ఉండాలి, రొట్టె మీద కాదు. పెద్ద తుఫాను వచ్చిన ఏడు పాచిపోయిన బన్ను అంటగట్టాడని రొట్టెల కొట్టు గడప ఇరవై రెండేళ్లుగా తొక్కలేదు. ఆ కొట్టువాడు చచ్చిపోయి, కొడుకు వచ్చి, కొడుకు అమ్మేసి వెళ్లిపోయినా తొక్కలేదు. కక్ష అంటే ఇటుక లాంటిది, పెట్టినచోట ఉండాలి, అంతే.

పోయినేడు సెప్టెంబరులో బెథన్ వచ్చింది. ముప్ఫై ఏళ్ల పిల్ల, లీడ్స్ నుంచి. బడికి కొత్త మేనేజరు. చంకలో రెండు టాబ్లెట్లు పెట్టుకుని వచ్చింది. తనిఖీవాళ్లకి ఇకమీదట పిల్లల చదువు మొత్తం అందులో కనిపించాలట. వారానికి ఒక్కో పిల్లకి కనీసం ఒక్క రాతైనా పడాలి.

"చాలా తేలిక," అని చూపించింది బెథన్. "ఫోటో తియ్యండి. ఫోటోలో పిల్ల మొహం మీద నొక్కండి. కింద వాక్యాలు వస్తాయి. తగిన వాక్యం మీద నొక్కితే పచ్చగా అవుతుంది. ఈ బాణం నొక్కితే వాళ్లమ్మ ఫోన్ టింగుమంటుంది. ఏదైనా తెలియకపోతే అడగండి, నోరీన్."

"నువ్వు పుట్టకముందు నుంచి పిల్లల్ని చూస్తున్నాను, అమ్మాయ్. బాణం నొక్కడానికి నిన్నడగాలా?"

"అహ, అలా కాదు..."

"కళ్లజోడు తెచ్చుకోలేదు. రేపు చూస్తాలే."

రేపు కూడా కళ్లజోడు తెచ్చుకోలేదు. అయితేనేం, ఫోటో, మొహం, పచ్చ, బాణం. శుక్రవారం వచ్చేసరికి అందరికన్నా ముందు నోరీన్ వాటాయే పూర్తయ్యేది. బెథన్ బడి నడిపే కమిటీలో మెచ్చుకుంది కూడా. ఆ మెప్పు నోరీన్‌కి ఎక్కలేదు. ఎందుకంటే అదే వారం బెథన్ కిటికీ గట్టు మీది సీసాలన్నీ దించి వంటగది పై అలమరలో పెట్టించింది.

"గాజు కదా. పిల్లలున్నచోట ప్రమాదం అంటారు."

ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక్క సీసా పగల్లేదు. నోరీన్ ఏమీ అనలేదు. మర్నాటి నుంచి జేబుల్లో చెయ్యి పెట్టడం మానేసింది.

"నీ పెట్టెకి అన్నీ తెలుసుగా. జేబులు కూడా దాన్నే తియ్యమను," అంది.

దాంతో బెథనే తీసేది. గుప్పెడు రాళ్లు గబగబా సీసాలో పోసి, మూత పెట్టి, అలమర తలుపేసేది. లీడ్స్‌లో పిల్లల జేబుల్లో పడేవి గోళీలు. గోళీలకి ముఖం ఉండదు, లెక్కే ఉంటుంది. రాళ్లని తిప్పి చూడాలని ఆ పిల్లకి ఎవరు చెప్తారు? చెప్పాల్సిన మనిషి అలిగి కూర్చుంది.

ఆ అక్టోబరులోనే కోరా చేరింది. మూడు నిండిన పిల్ల. సీసా మీద కెటిల్ బొమ్మ. కోరా తల్లి కెర్రీ ఈ బడిలోనే పెరిగింది, గొడుగు సీసా ఆమెది. ఇప్పుడు రేవు చివర షెడ్డులో రొయ్యలు ఒలుస్తుంది. పిల్లని తొమ్మిదింటికి దించి, చేతులు వాసన చూసుకుంటూ మూడున్నరకి వచ్చి తీసుకెళ్తుంది. మొగుడు లేడు. అమ్మ లేదు. ఈ బడి లేకపోతే ఆ పని లేదు.

కోరా నోరీన్ మాట వినేది కాదు.

పిలిస్తే తిరిగేది కాదు, నోరు విప్పి ఒక్క మాట అనేది కాదు, అంతా మొండితనమే అనుకుంది నోరీన్. పాలు తాగడానికి రమ్మంటే నీళ్ల తొట్టి దగ్గరే నిలబడేది, మిగతావాళ్లంతా లేచి పరిగెత్తాక అప్పుడు లేచి వాళ్ల వెనక పరిగెత్తేది. కథ చెప్పేటప్పుడు నోరీన్ మొహంలోకి గుచ్చిగుచ్చి చూసేది, మధ్యలో లేచి వెళ్లిపోయేది. ఒకరోజు ఫ్రేజర్ అనే పిల్లాడు వెనకనుంచి వచ్చి కోటు పట్టుకుంటే వాడి చెయ్యి కొరికేసింది. ఆ రోజు నోరీన్ ఆమె పేరు పన్నెండుసార్లు పిలిచింది. లెక్కపెట్టింది. పన్నెండోసారి కూడా పిల్ల తల తిప్పలేదు, బొమ్మ కప్పులో నీళ్లు పోసుకుంటూ కూర్చుంది.

మూడేళ్ల పిల్ల మీద కక్షేమిటని అడిగేవాళ్లు నోరీన్‌ని ఎరగనివాళ్లు. రొట్టెల కొట్టు పక్కన ఇంకో ఇటుక పడింది. అప్పటినుంచి కోరాకి రొట్టె ముక్కలు ఆఖర్నే పెట్టేది.

మార్చి నెలలో ఒక మంగళవారం సగంమంది పిల్లల్ని పడవలు చూపించడానికి తీసుకెళ్లారు. పొడుగాటి తాడు, దానికి అటూ ఇటూ ఉంగరాలు, ఉంగరానికో పిల్ల. ముందు బెథన్, వెనక నోరీన్. చేపల మార్కెట్ మలుపు దగ్గర ఒక సముద్రపు కాకి చేప తలకాయ ఎత్తుకుని నడుస్తూ పోతోంది. కోరా ఉంగరం వదిలేసి దాని వెంట పడింది. అటునుంచి ఐసు వ్యాను వస్తోంది.

"ఆగు!" అని అరిచింది నోరీన్.

ఆ అరుపుకి రేవంతా ఆగింది. వలలు లాగేవాళ్లు ఆగారు. తాడు పట్టుకున్న పదకొండుమంది పిల్లలు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగారు. సముద్రపు కాకి కూడా చేప తలకాయ వదిలేసి నిలబడింది. కోరా ఒక్కతే ఆగలేదు. వ్యానువాడు బ్రేకు తొక్కిన తొక్కుడికి వెనక తలుపులు తెరుచుకుని ఐసు పెట్టెలు రోడ్డు మీద పగిలాయి. వ్యాను ముక్కుకీ పిల్ల టోపీకీ మధ్య జానెడు ఖాళీ ఉంది. కోరా వంగి చేప తలకాయ తీసుకుని, వెనక్కి తిరిగి, అందరి మొహాలూ చూసి తెల్లబోయింది.

బెథన్ రోడ్డు పక్కన చతికిలబడిపోయింది. నోరీన్ తాడు పట్టుకున్న పిల్లల్ని రెండుసార్లు లెక్కపెట్టింది.

బుధవారం మూడున్నరకి కెర్రీని వంటగదిలో కూర్చోబెట్టారు. బెథన్ టీ పోసింది. కోరా సింకు ముందు స్టూలెక్కి, గోడవైపు తిరిగి ప్లాస్టిక్ ప్లేట్లు కడుగుతోంది.

"నాకు చెప్పడానికి నోరు రావట్లేదు, కెర్రీ," అంది బెథన్. "శుక్రవారం కమిటీ కూర్చుంటుంది. కోరాని ఇక తీసుకోలేమని తేలుస్తారేమో."

"ఒక్కసారి పరిగెత్తినందుకా? పిల్లలు పరిగెత్తరా?"

"ఒక్కసారి కాదు. గేటు దగ్గర రెండుసార్లు. కొరకడం. పిలిస్తే రాకపోవడం. మాట అర్థం కాని పిల్లయితే వేరే దారులు చూసేవాళ్లం. కానీ ఇదిగో, ఇందులో చూడు." టాబ్లెట్ తెరిచింది. "అక్టోబరు నుంచి ఇరవై తొమ్మిది రాతలు. అన్నిట్లో ఒకటే. 'చెప్పిన మాట విని, రెండు పనులు వరసగా చేస్తుంది.' నీ ఫోన్‌కి కూడా వచ్చే ఉంటాయి."

"వచ్చాయి. షెడ్డులో గ్లవ్స్ తియ్యనివ్వరు. ఫోటో చూసుకుని మురిసిపోయేదాన్ని, కింద చదవలేదు." కెర్రీ మొహంలో రక్తం ఇంకిపోయింది. "వింటుందా? ఇక్కడ వింటుందా? ఇంట్లో నా గొంతు చిరిగిపోయినా వినదే! అయితే నా దగ్గరంతా నాటకమా?"

"నేనలా అనలేదు."

"పెట్టె అంటోందిగా, ఇరవై తొమ్మిదిసార్లు!" కెర్రీ లేచి వెళ్లి కోరా భుజం పట్టి తనవైపు తిప్పుకుంది. "షెడ్డులో ఇప్పటికే రెండుసార్లు చెప్పారే నాకు, ఇంకోసారి ఆలస్యమైతే రావద్దని. నిన్ను పెట్టుకుని ఎక్కడికి పోవాలే? చెప్పు! వినిపిస్తూ కూడా ఎందుకు వినవు?"

కోరా తల్లి నోటివైపు చూసింది. తల్లి నొసలు ఎలా ముడిపడ్డాయో తన నొసలు అలా ముడివేసింది. కెర్రీకి అది వెక్కిరింపులా కనపడింది. చెయ్యెత్తింది. ఎత్తిన చేతిని తనే చూసుకుని అలాగే బిగుసుకుపోయింది. కోరా ఆ చేతిలో సబ్బు నురగ పెట్టి, మళ్లీ ప్లేట్లవైపు తిరిగింది.

నోరీన్ ఇంతసేపూ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆరు నెలల కక్ష తీరే వేళ. తీరుతున్నట్టు అనిపించాలి. అనిపించలేదు. ఆమెకి అడ్డుపడ్డది దయ కాదు, లెక్క.

"రెండు పనులా?" అంది. "ఆ పిల్ల ఒక్క పని చేస్తే నా పేరు మార్చుకుంటాను. ఎవరు రాశారీ అబద్ధం?"

బెథన్ టాబ్లెట్ మూసేసింది.

"అందుకే సీసాలు పైన దాచావన్నమాట," అంటూ నోరీన్ ఇంకో స్టూలు లాక్కుని ఎక్కి పై అలమర తెరిచింది. కెటిల్ బొమ్మ సీసా దించబోయి చెయ్యి జారినంత పనైంది. అంత బరువు. నాలుగో అయిదో రాళ్లుంటాయనుకుంది. మూత తీసి బల్ల మీద బోర్లించింది.

డెబ్బైకి పైగా ఉన్నాయి. బడిలో అందరికన్నా చురుకని పేరున్న ఫ్రేజర్ సీసాలో కూడా అన్ని ఉండవు. కప్పులు నింపడం, ముడి వెయ్యడం, మెట్లు దిగడం, గడియ తీయడం. ఏడవకుండా వంతు కోసం ఆగిన రాయి కూడా ఉంది, కోడిగుడ్డంత. ఆ రాయి ఏ రోజు పడిందో, ఏ రోజు ఈ పిల్ల ఓపికగా తన వంతు కోసం నిలబడిందో నోరీన్ చూడలేదు. రొట్టె ఆఖర్న పెట్టిన రోజుల్లో ఏదో ఒకటి అయ్యుంటుంది.

ఆమె వేళ్లతో రాళ్లు విడదీయడం మొదలుపెట్టింది. చేత్తో నేర్చినవి పలకగా ఉంటాయి. కళ్లతో చూసి నేర్చినవాటికి తెల్లచార ఉంటుంది. చెవిన పడి నేర్చినవాటికి నడుమ చిల్లుంటుంది. పాటలు, పేర్లు, 'దయచేసి', 'ఇంకొంచెం', అన్నీ చిల్లు రాళ్లే. తల్లులు వాటిని తాడుకి గుచ్చి తలుపుకి కట్టుకుంటారు. ఏ పిల్ల సీసాలోనైనా మూడోవంతు అవే.

పలకవి ఒక కుప్ప. చారవి పెద్ద కుప్ప. మూడో కుప్ప కోసం వదిలిన జాగా ఖాళీగా ఉండిపోయింది.

నోరీన్ మళ్లీ మొదటినుంచి చూసింది. ఒక్కొక్క రాయినీ వెలుతురుకి పెట్టి చూసింది. సీసాలోకి చూసింది. మూతలోకి చూసింది.

"ఏమైంది ఆంటీ?" అంది కెర్రీ. ఆమె ఇంకా చిన్నప్పటిలాగే పిలుస్తుంది.

నోరీన్ బల్ల దగ్గర్నుంచి పొయ్యి వైపు నడిచింది. పొయ్యి మీది ఇనుప ట్రే తీసి, చేతులెత్తి, రాతి నేల మీదికి వదిలేసింది.

ఆ మోతకి బెథన్ టీ ఒలికింది. కెర్రీ కెవ్వుమంది. హాల్లో ఇంటికి వెళ్లడానికి ఎదురుచూస్తున్న పసివాడెవడో ఏడుపు లంకించుకున్నాడు. సింకు ముందు కోరా ఒక ప్లేటు కడిగి పక్కన పెట్టి, ఇంకో ప్లేటు తీసుకుంది.

ట్రే నేల మీద గింగిరాలు తిరిగి తిరిగి ఆగింది.

"ఆ పిల్లకి వినపడదు," అంది నోరీన్. తన గొంతు తనకే ఎవరిదోలా ఉంది. "రేవంతా ఆగింది, తను ఆగలేదు. వినపడలేదు కాబట్టి ఆగలేదు. పన్నెండుసార్లు పిలిచాను నేను..."

కెర్రీ తన అరచేతిలోని నురగ చూసుకుంటూ నేల మీద కూలబడింది. ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు గౌను వెనక దాచుకుంది. కాసేపటికి లేచి పిల్లని ఎత్తుకుని కోటు వేయడానికి హాల్లోకి పోయింది. ఆమె పోగానే నోరీన్ బెథన్ మీద పడింది.

"చూశావా నీ పెట్టె చేసిన పని? చెవిటి పిల్ల వింటుందని ఇరవై తొమ్మిదిసార్లు! ఎవరు రాశారు? పేరుంటుందిగా అందులో. చెప్పు, నీ పేరేనా?"

బెథన్ టాబ్లెట్‌ని గుండెకి ఆనించుకుంది. "వదిలేయండి, నోరీన్. నేనే దిద్దుతాను."

"పేరు చెప్పు."

"మీదే."

నోరీన్‌కి నవ్వొచ్చింది. ఎదురుగా బెథన్ మొహంలో నవ్వు లేదు.

"మొహం నొక్కగానే కింద వాక్యాల వరస వస్తుందిగా. అన్నిటికన్నా పైన ఉండేది ఇదే. మీరు ప్రతి పిల్లకీ, ప్రతిసారీ పైదే నొక్కారు. ఇరవై నాలుగుమందికీ. మిగతా పిల్లలు ఎలాగూ వింటారు కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. నేను శుక్రవారం శుక్రవారం అన్నిటికీ కలిపి ఒకేసారి సరేనని నొక్కేశాను. చదవకుండా. వారమంతా ఒకటే వాక్యం వస్తుంటే నాకు తెలియొద్దూ?"

"నొక్కితే పచ్చగా అవుతుందిగా," అంది నోరీన్. "పచ్చగా అయితే బాగున్నట్టే కదా?"

ఆ మాట నోటినుంచి వచ్చాక వెనక్కి తీసుకునే వీల్లేకపోయింది. బెథన్ టాబ్లెట్ కిందికి దించింది. అర్థమైపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్లు ఊరంతటికీ అర్థం కానిది ఈ లీడ్స్ పిల్లకి ఒక్క పచ్చరంగుతో అర్థమైపోయింది. నోరీన్ ఇందాక ఎక్కిన స్టూలు మీదే కూర్చుంది.

"శుక్రవారం ఎవరో ఒకరు ఈ రాతలు తప్పని చెప్పాలి," అంది బెథన్ మెల్లగా. "ఎందుకు తప్పో కూడా చెప్పాలి. లేకపోతే ఆస్పత్రికి వెళ్లే కాగితంలో ఇవే ఉంటాయి. వినపడే పిల్లేగా అని వరసలో ఆఖరికి తోసేస్తారు. ఈలోపు బడి పోతుంది. నేను చెప్తాను. సరేనన్నది నేనేగా. తప్పు నా మీదికి వస్తుంది, మీ మాట రాదు."

గురువారం నోరీన్ రొట్టెలు మూల నుంచి మూలకి కోసింది. పిల్లలు వాటిని చేతుల్లో పట్టుకుని, తినొచ్చా లేదా అన్నట్టు ఆమెవైపు చూశారు. ఆమెకి ఆ స్పృహ లేదు. సెప్టెంబరు నుంచి ఏది కోరుకుందో అది కోసి ప్లేట్లో పెట్టినట్టు ముందుకి వచ్చింది. బెథన్ తప్పు ఒప్పుకుంటుంది. బెథన్ వెళ్లిపోతుంది. టాబ్లెట్లూ వెళ్లిపోతాయి. సీసాలు మళ్లీ కిటికీ గట్టు ఎక్కుతాయి. తను చెయ్యాల్సిందల్లా నోరు మూసుకోవడం. అది తను ఎరిగిన పనే, ముప్ఫై ఒక్క ఏళ్లుగా చేస్తున్న పనే.

శుక్రవారం నాలుగింటికి కమిటీ కూర్చుంది. ఆదివారం ప్రార్థనకి హాలు ఖాళీగా ఉండాలి కాబట్టి పెద్ద సామానంతా సామాన్ల గదిలోకి పోయింది, మిగిలినవి పిల్లల కుర్చీలే. అయిదుగురు ఆడవాళ్లు మోకాళ్లు గడ్డాలకి తగిలేలా వాటిలో కూర్చున్నారు. అధ్యక్షురాలు హెజెల్. చర్చి నారింజ జామ్ పోటీలో ఏడేళ్ల కిందట నోరీన్‌ని ఓడించిన మనిషి. చక్కెర ఎక్కువైందని ఇప్పటికీ నోరీన్ వాదన. హెజెల్ ముగ్గురు కొడుకులూ నోరీన్ చేతుల మీదే పెరిగారు.

కెర్రీ షెడ్డు చెప్పులతోనే వచ్చింది. కోరా ఆమె ఒళ్లో కూర్చుని అందరి నోళ్లూ మార్చి మార్చి చూస్తోంది.

"వ్యాను సంగతి ఊరంతా చూసింది," అంది హెజెల్. "నాకు కెర్రీ మీద కోపం లేదు. కానీ రేపు తాడు వదిలేది నా మనవడైతే? అదిగో, రికార్డులో వింటుందనే ఉంది. వింటూ చెయ్యకపోతే ఎవరేం చెయ్యగలరు?"

బెథన్ లేచింది. "ఆ రికార్డు తప్పు. దానికి కారణం..."

"కూర్చో అమ్మాయ్," అంది నోరీన్.

బెథన్ కూర్చోలేదు.

"కూర్చోమన్నానా? నా తప్పు నీకెందుకిస్తాను? నాది నాకు కావాలి." నోరీన్ లేచి నిలబడింది. "ఆ రాతలు నావి. నేను చదవకుండా నొక్కాను."

"తొందరలో అందరం చేస్తాంలే," అంది హెజెల్.

"తొందర కాదు. నాకు చదవడం రాదు."

ఒకామె చేతిలో బిస్కట్ విరిగి టీలో పడింది, ఆమె తీసుకోలేదు.

"అదేంటి నోరీన్," అంది హెజెల్ ఎప్పటికో. "నీ కళ్లజోడు..."

"ఉత్త అద్దాలు. సంతలో కొన్నాను."

"మరి కథలు? ముప్ఫై ఏళ్లు పిల్లలకి పుస్తకాలు చదివి వినిపించావే!"

"బొమ్మలు చూసి చెప్పాను."

హెజెల్ టీ కప్పు కింద పెట్టింది. "మా పెద్దాడు... పుస్తకం కొనిచ్చి చదివితే ఏడ్చేవాడు. ఇది తప్పు కథ, ఆంటీ నోరీన్ చెప్పింది అసలుదని. రెండేళ్లు ఏడ్చాడు. నాకే చదవడం రాదనేవాడు!"

ఎవరో ఫక్కున నవ్వి, వెంటనే చేత్తో నోరు మూసుకున్నారు. నోరీన్ మొహం కాలిన రొట్టెలా నల్లబడింది, కానీ కూర్చోలేదు. సంచిలోంచి సీసా తీసి పిల్లల బల్ల మీద బోర్లించింది. రాళ్లు గలగలా పరుచుకున్నాయి.

"నాకు ఇవి చదవడం వచ్చు. ఊళ్లో నాకన్నా బాగా ఎవరికీ రాదు. వచ్చి కూడా ఆరు నెలలు చదవలేదు, పంతానికి పోయి. మీరే చూడండి. చిల్లున్నది ఒక్కటి చూపించండి, ఈ పిల్లని నేనే గేటు దాకా తీసుకెళ్లి పంపేస్తాను."

అయిదుగురు తల్లులూ కుర్చీల్లోంచి జారి మోకాళ్ల మీద బల్ల చుట్టూ చేరారు. ఎవరి పిల్లల రాళ్లు వాళ్లు తిప్పి చూసినవాళ్లే, తలుపులకి కట్టుకున్నవాళ్లే. వేళ్లు మొదట్లో గబగబా కదిలాయి, తరువాత నెమ్మదించాయి, తరువాత ఆగిపోయాయి. హెజెల్ చేతిలో కోడిగుడ్డంత రాయి ఉండిపోయింది.

"ఇది ముగ్గురు కొడుకుల్లో ఒక్కడికీ రాలేదు నాకు," అంది గొణుగుతున్నట్టు. ఆ తరువాత కెర్రీవైపు చూడలేక కోరావైపు చూసింది. "చిల్లు రాయి ఒక్కటి కూడా లేదు కదమ్మా నీకు."

ఇరవై తొమ్మిది రాతలూ ఆ సాయంత్రమే కొట్టేశారు. కమిటీ ముందే బెథన్ ఆస్పత్రికి కాగితం రాసింది, హెజెల్ పైకి చదివింది, నోరీన్ కింద సంతకం బదులు గీత గీసింది. కోరా చోటు కోరాకి ఉండిపోయింది. రోడ్డు మీదికి వెళ్లేటప్పుడు తాడు కాదు, నోరీన్ చెయ్యే పట్టుకోవాలని తీర్మానం.

అందరూ వెళ్లాక బెథన్ టాబ్లెట్ పట్టుకుని వచ్చింది. "ఇంకో మాట చెప్పాలి. తిట్టొద్దు. ఇదిగో, ఈ మూల చిన్న మైకు బొమ్మ ఉంది. నొక్కి మాట్లాడితే అదే రాసుకుంటుంది."

నోరీన్ దానివైపు చూసింది. బెథన్‌వైపు చూసింది. "ఎప్పట్నుంచి ఉందిది?"

"మొదట్నుంచీ."

"మొదట్నుంచీ!" అంది నోరీన్. ఆ ఒక్క కారణానికి బెథన్ మీద కక్ష ఇంకో ఏడాది పొడిగించుకుంది. కానీ సోమవారం నుంచి మాట్లాడటం మొదలుపెట్టింది. 'ఫ్రేజర్ వంతు కోసం ఆగలేదు, ఆగినట్టు నటించాడు' లాంటివి తల్లుల ఫోన్లలో టింగుమనేసరికి రేవు వీధిలో కొందరికి ఆ పాత పచ్చ వాక్యమే మేలనిపించింది.

మే నెలలో ఆస్పత్రి నుంచి పిలుపు వచ్చింది. అక్కడి ఆవిడ మొదట అడిగిందే, "రాళ్లు తెచ్చారా?" అని. కెర్రీ సీసా ఇచ్చింది. ఆవిడ ట్రేలో పోసి ఒకసారి చూసి కాగితంలో రాసుకుంది, పిల్ల చెవుల్లోకి దీపం వేసి చూసింది. రెండు చెవుల్లోనూ లోపలి పొర వెనక జిగురులాంటి ద్రవం గట్టిగా పేరుకుపోయిందట. పుట్టు చెవుడు కాదు. ఇంకో ఏడాది ఆగి ఉంటే మాట నేర్చే వయసు దాటిపోయేదని, నెపం పిల్ల బుద్ధి మీదికి పోయేదని అంది. కెర్రీ ఆ మాట నోరీన్‌కి చెప్తే నోరీన్ వింటూ వింటూ పళ్లెంలో ఉన్న బీన్స్‌ని రొట్టె మీద పోసేసింది.

ఆగస్టులో ఆ జిగురు తీసేసి చెవుల్లో సన్నటి గొట్టాలు వేశారు. సెప్టెంబరంతా కోరా కొళాయికి భయపడింది, సముద్రపు కాకులకి భయపడింది, తన అడుగుల చప్పుడుకి తనే ఆగి నేల చూసుకుంది. ఒక్కొక్క మాటా పట్టుకుంటూ వచ్చింది.

నవంబరులో ఒక మూడున్నరకి పిల్లలు బెంచీ మీద కూర్చున్నారు. కోరా నీళ్ల తొట్టి దగ్గరే ఉంది, వీపు ఇటు.

"కోరా! బూట్లు!" అని అరిచింది నోరీన్, ఏడాదిగా అలవాటైన గొంతుతో.

కోరా రెండు చేతులతో చెవులు మూసుకుంది. వెనక్కి తిరిగింది. నొసలు ముడిపడి ఉన్నాయి. అవి ఎవరి నొసలూ కావు, తనవే.

"అరవకు," అంది. "ఇక్కడే ఉన్నాగా."

బెంచీ మీద పిల్లలు ఊపిరి బిగపట్టారు. నోరీన్‌తో అలా మాట్లాడినవాళ్లు ఆ హాల్లో ఇంతవరకు లేరు. బెథన్ చేతిలో కోటు చేతిలోనే ఉండిపోయింది.

నోరీన్ నోరు తెరిచింది. ఏ గొంతు వాడాలో ఆమెకి తెలియలేదు. మెల్లగా మాట్లాడి చాలా ఏళ్లయింది. గొంతు సవరించుకుంది, ఒకసారి లోపలే అనుకుని చూసుకుంది, ఆ తరువాత వంగి, గుసగుసకి కొంచెం పైన, "బూట్లు," అంది.

కోరా వచ్చింది.